సంతకము పెట్టని శాస్త్రజ్ఞులు

1964లో ముగ్గురు ప్రముఖులు కలిసి శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుటకై ఒక సంఘమును స్థాపించినారు. వారిలో ఒకరు హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయములో పనిచేయుచుండిన జీవరసాయన శాస్త్రవేత్త పుష్పమిత్ర భార్గవ. రెండవవారు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆనాడు డైరెక్టరుగా ఉండిన సతీశ్ ధావన్. మూడవవారు శాస్త్ర చరిత్రకారుడు అబ్దుర్ రహమాన్. సంఘములో చేరగోరువారు ఒక ప్రకటనపై సంతకము పెట్టవలెను. జ్ఞానము మానవ ప్రయత్నము వలననే లభించునుగాని దివ్యోపదేశము వలన కాదనియు, సమస్యలన్నిటిని మనిషి తన బుద్ధిబలముతో, నీతిబలముతో ఎదుర్కొనవలెనేగాని మానవాతీత శక్తులను ఆశ్రయింపరాదనియు దాని సారాంశము. వింత ఏమనగా, ఒకరి తరువాత ఒకరుగా శాస్త్రజ్ఞులే సంతకమునకు నిరాకరించినారు. ఈ ఆశాభంగమును భార్గవ తన జీవితాంతము మరువలేదు. వారికి శాస్త్రము వచ్చునుగాని శాస్త్రీయ దృక్పథము లేదని తేల్చినారు.

ఆ మాట నిజమేనా? తరగతిలో విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్నకూడ ఇదియే. దీనికి జవాబు వెదకుటకు హైదరాబాదును మించిన చోటు లేదు.

1998 నవంబరులో మాదాపూరు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించినారు. అది హైటెక్ సిటీకి ఆరంభము. అప్పటికి ప్రపంచమంతట ఒక భయము వ్యాపించి ఉన్నది. పూర్వము కంప్యూటరు జ్ఞాపకశక్తి మిక్కిలి ఖరీదైనది గనుక, సంవత్సరమును నాలుగు అంకెలకు బదులు రెండు అంకెలతోనే వ్రాసెడివారు. 1999 అనగా 99. మరి 2000 వచ్చునప్పటికి 00 అగును. 1960లో పుట్టినవాని వయస్సు లెక్కించవలెనన్న కంప్యూటరు 00 నుండి 60 తీసివేసి, వానికి మైనస్ 60 ఏండ్లని చెప్పును! పైగా 2000 లీపు సంవత్సరము. నూరుతో భాగింపబడు సంవత్సరములు సాధారణముగా లీపు సంవత్సరములు కావు, కాని 400తో భాగింపబడునవి అగును. ఈ రెండవ సూత్రమును మరచిన ప్రోగ్రాములు కూడ కొన్ని ఉండెను.

అమీర్‌పేట శిక్షణాలయములలో కోబాల్ నేర్చిన మన యువకులెందరో ఈ పనిలో దిగినారు. పంక్తి వెంట పంక్తి చదివి, తేదీ వచ్చు ప్రతి చోటును పట్టుకొని సరిచేయుటయే పని. ఏ దేవునికి మ్రొక్కినను ఆ రెండంకెలు నాలుగు కావని వారికి తెలియును. ప్రకటన పేరైనను వినని ఈ యువకులు దానిలోని రెండవ మాటను అక్షరాల పాటించినారు.

ఆ యువకులలోనే అనేకులు సెలవు దినమున ఉస్మాన్‌సాగర్ సమీపములోని చిలుకూరు బాలాజీ ఆలయమునకు పోవుచుండిరి. నేడును పోవుచున్నారు. కోరిక కోరునప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన పిదప 108. లెక్క తప్పకుండ చేతిలో అంకెల కార్డు పట్టుకొని ఒక్కొక్క గడిని గుర్తు పెట్టుకొందురు. (ప్రోగ్రామరులకు తగిన పద్ధతియే!) ఆ కోరికలలో అమెరికా వీసా ముఖ్యమైనది గనుక స్వామికి ‘వీసా బాలాజీ’ అను పేరు వచ్చినది.

వీసాకే ఎందుకు? హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 2001 నుండి 2003 వరకు 1,95,000 ఉండి, 2004లో తిరిగి 65,000కు దిగినది. 2007 ఏప్రిల్‌లో మొదటి రెండు దినములలోనే లక్షకు పైగా దరఖాస్తులు రాగా, ఎవరిని తీసుకొనవలెనో కంప్యూటరు చీటీ వేసి నిర్ణయించినది. అటుపిమ్మట అనేక సంవత్సరములు అదే పద్ధతి నడచినది. ప్రోగ్రాము వ్రాయువాని భవిష్యత్తును మరియొక ప్రోగ్రాము యాదృచ్ఛికముగా ఎంచుచున్నదన్నమాట. అక్కడ వాని తెలివికి పనిలేదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలములో బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అను మానవశాస్త్రజ్ఞుడు పసిఫిక్ మహాసముద్రములోని ట్రోబ్రియాండ్ దీవులలో జాలరుల మధ్య నివసించినాడు. వారు శాంతమైన లోపలి కయ్యలో చేపలు పట్టునప్పుడు మంత్రతంత్రముల జోలికి పోరు, చేతి నేర్పునే నమ్ముకొందురు. అపాయకరమైన నడి సముద్రమునకు పోవునప్పుడు మాత్రము మంత్రములు, తంతులు విస్తారముగా జరుపుదురు. మన ప్రోగ్రామరుకు కార్యాలయము కయ్య, వీసా నడి సముద్రము.

శ్రీహరికోట కథకూడ ఇట్టిదే. ప్రయోగమునకు ముందు రాకెట్టు నమూనాను తిరుమల స్వామి సన్నిధిని ఉంచు ఆచారము ఇటీవలి కాలములో పత్రికలలో చదువుచునే ఉన్నాము. అయితే 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతములో కూలినప్పుడు, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లద్రవము కారిపోయినదని నిపుణులు కనుగొన్నారు. ముహూర్తదోషమని ఎవరును నివేదిక వ్రాయలేదు. అప్పుడు ఇస్రో అధ్యక్షులు 1964 నాటి ధావన్‌గారే. వైఫల్యమును తనపై వేసికొని పత్రికల ముందు నిలిచినారు. మరుసటి ఏడు జూలైలో ప్రయోగము విజయవంతమైనది.

కాబట్టి ఆ ప్రకటన రెండు ప్రశ్నలను ఒకే సంతకముతో ముడివేసినదని నా అభిప్రాయము. నీ మనస్సులో ఏమి నమ్ముదువు అనునది ఒకటి, నీ పనిలో దేనిని సాక్ష్యముగా ఒప్పుకొందువు అనునది మరొకటి. చిలుకూరులో తిరుగువాడు మొదటిదానికి సంతకము పెట్టడు, రెండవదానికి ప్రతిదినము పెట్టుచునే ఉన్నాడు.

అయినను భార్గవగారి ఆందోళనను కొట్టివేయలేము. ఇంటి నమ్మకము ఎప్పుడో ఒకప్పుడు విద్యాలయములోనికి శాస్త్రమను పేరుతో ప్రవేశింపవచ్చును గదా! 2001లో అట్లే జరిగినది. విశ్వవిద్యాలయములలో ‘జ్యోతిర్విజ్ఞాన్’ అను పేర జ్యోతిషమును బోధించుటకు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ పూనుకొన్నది. చిలుకూరు భక్తుడు తన ప్రదక్షిణలకు విజ్ఞానమని పేరు పెట్టలేదు, పట్టమును అడుగలేదు. ఇక్కడ ఆ రెండును జరిగినవి. రాజ్యాంగమునకు 1976లో వచ్చిన 42వ సవరణ శాస్త్రీయ దృక్పథమును పౌరుని విధులలో చేర్చినది. దానిని ఆధారము చేసికొని భార్గవ మరికొందరితో కలిసి హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో దావా వేసినారు. హైకోర్టు అదే సంవత్సరము కొట్టివేసినది. పాఠ్యవిషయముల నిర్ణయము నిపుణుల సంస్థకు చెందినది, న్యాయస్థానము జోక్యము చేసికొనదని 2004లో సుప్రీంకోర్టు కూడ త్రోసిపుచ్చినది. భార్గవ 2017 ఆగస్టు 1న హైదరాబాదులోనే కన్నుమూసినారు.