పాత ఇనుమునకు పటములు

దావీదు మందిరమును కట్టలేదు. అయినను దాని మచ్చులను సొలొమోనునకు అప్పగించినాడు (1 దినవృత్తాంతములు 28). అంతకు ముందే వాకిళ్ల తలుపుల మేకులకు ఇనుము సమకూర్చినాడు (22:3). మందిరమనగానే మనకు బంగారము జ్ఞాపకమునకు వచ్చును గాని, ఈ మేకులు రావు.

మన డెల్టాకు ఇనుపపని కొత్త కాదు. 17వ శతాబ్దిలో నరసాపురం, మాధవాయిపాలెం రేవులలో ఓడలు కట్టేవారు. 1669-79 మధ్య బంగాళాఖాత తీరములలో తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ అక్కడి ఇనుపపనిని మెచ్చుకొని వ్రాసినాడు. ఆ కమ్మరుల పటములు మాత్రము మనకు దక్కలేదు. కమ్మరి నేలమీద సుద్దతో తీగ గీసి, కాల్చిన కడ్డీని దానికి సరిపోవునట్లు వంచును. పని ముగిసిన తరువాత ఆ గీత చెరిగిపోవును.

లండనులోని సెయింట్ పాల్స్ దేవాలయమునకు ఇనుప అల్లికలు చేసిన ఫ్రెంచివాడు జాన్ టీజూ అట్లు చెరగనీయలేదు. 1693లో తన నమూనాలను పుస్తకముగా అచ్చువేయించినాడు. మూడు వందల ఏండ్లు దాటినను ఆ ఆకులను, సుడులను నేటికీ చూడవచ్చును.

మన నగరం దీవికి నీరు తెచ్చిన గన్నవరం అక్విడక్టు సంగతి చూడండి. 40 అడుగుల కమానులు 49. దానిని కట్టించిన హేగ్ దొరగారే తరువాత దుమ్ముగూడెంలో కోయల మధ్య సువార్త పనికి కారకుడైనాడు. డెల్టా కట్టడములను గూర్చి వాల్ష్ 1896లో పటములతో సహా గ్రంథము ప్రకటించినాడు. కాలువలకు దక్కిన ఆ భాగ్యము మన ఆలయముల గేట్లకు, కటకటాలకు ఏల దక్కరాదు?

సముద్రపు ఉప్పుగాలి ఇనుమును ఊరకనే వదలదు. తుప్పు పట్టిన గేటును తూకమునకు అమ్మి స్టీలుది పెట్టుట సులభమే. అమ్మవద్దని నేననను. అమ్మకముందు కొలువండి. పోతపోసిన పువ్వును అచ్చుగా పెట్టి మరల పోసినచో, ఇనుము చల్లారి అడుగుకు సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు కుదించుకొని పోవును. రెండవది మొదటిదానికి సరిపడదు. కనుక కొలతలు వ్రాసిన పటము కావలెను. పువ్వుపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దండి. కడ్డీల మందము, రివెట్ల లెక్క, అతుకుల చోటు ప్రక్కనే వ్రాయండి. ఇది మన యౌవనస్థుల సంఘము ఒక శనివారము చేయగల పని. పటము రెండు ప్రతులు తీసి, ఒకటి బాప్తిస్మపు రిజిస్టర్లున్న పెట్టెలో ఉంచండి.