దస్త్రం దాటిన తెలుగు

నిజాం ఏలుబడిలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల రైతుకు తన పొలం గెట్లు కండ్లు మూసుకున్నా తెలిసేవి. ఆ పొలం కాగితం మాత్రం తెలిసేది కాదు. సర్కారు దస్త్రమంతా ఉర్దూ. సర్వే రికార్డయిన సేత్వార్‌లో ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో, సాగు వివరాలు రాసే పహాణీలో పట్టాదారు గడిలో ఒకరు, కబ్జాదారు గడిలో ఇంకొకరు ఎందుకున్నారో పట్వారీ చెప్పిందే వేదం. దున్నేవాడి పేరు ఆ రెండో గడిలోకి ఎక్కిందా లేదా అన్న దాని మీద ఒక ఇంటి బతుకంతా ఆధారపడేది. జటిలమైన సంగతిని నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పే పని ఇక్కడ పాండిత్య ప్రదర్శన కోసం మొదలుకాలేదు, ఇట్లాంటి అక్కర నుంచి మొదలైంది.

1906లో హైదరాబాదులో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులోకి తెచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావుల పూనిక గొప్పది. ఆ పుస్తకాల గ్రాంథికం మాత్రం పల్లెకు అందేది కాదని ఒప్పుకోవాలి. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడ్డాక దారి మళ్లింది. వెట్టిచాకిరి మీద సర్కారే ఇచ్చిన ఉత్తర్వులు ఏమంటున్నాయో మాడపాటి హనుమంతరావు తరం చిన్న చిన్న తెలుగు పుస్తకాలుగా అచ్చువేసి పంచింది. హుకుం ఉన్నదని తెలియనివాడికి అది లేనట్టే గదా! ఆ సంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ 1935లో ఆ మాడపాటి అధ్యక్షతనే సిరిసిల్లలో జరిగింది.

ఆదిలాబాద్ అడవిలో ఈ అవసరానికి తెలుగు కూడా చాలలేదు. 1940లో జోడేఘాట్‌లో గోండుల హక్కుల కోసం పోరాడిన కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారు గోండుల గోస ఆరా తీసే పని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరుచుకుంది. గోండీ మాటలను దేవనాగరి లిపిలో పెట్టి వాచకాలు తయారుచేశారు. చదువొస్తే కింది ఉద్యోగులు గోండులను మోసం చేయలేరన్న ఆశ ఈ గోండీ చదువుల వెనక ఉంది. 1986లో మొదలైన ఆదిలాబాద్ ఆకాశవాణి అదే గోండీని గాలిలోకి పంపింది. ఇటు జగిత్యాల పక్కన పొలాస పరిశోధన కేంద్రం నుంచి పంటల ముచ్చట్లు, 1989 తర్వాత దినపత్రికల జిల్లా అనుబంధాల నుంచి పింఛను, పాసుబుక్కు వివరాలు ఇంటింటికీ చేరాయి. 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణిని, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతిని రైతుకు విప్పి చెప్పడం ఇప్పటికీ తెగని పనే.

ఇంతమందిలోనూ నా లెక్కలో పెద్దపీట సామల సదాశివ గారిది. 1928లో ఇప్పటి దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టిన ఈ మాస్టారు, దస్త్రంలో జనాన్ని భయపెట్టిన ఉర్దూనే తెలుగు పాఠకుడికి ప్రేమపాత్రం చేశారు. హిందుస్తానీ సంగీతం మరీ కొరుకుడు పడని విషయం. ఆయన స్వరాల లెక్కలతో మొదలుపెట్టరు. ఉస్తాదుల పట్టుదలలు, అలకలు, శిష్యుల మీద వాళ్ల మమకారం చెప్పుకుంటూ పోతారు. ఆ ముచ్చట్ల నడుమనే రాగం కూడా మనకు పరిచయమైపోతుంది. దినపత్రికలో కాలమ్‌గా రాసినా, పుస్తకంగా వేసినా అదే కబుర్ల ధోరణి. ఆయన సంగీత వ్యాసాల పుస్తకం ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, మరుసటి ఏడే ఆయన వెళ్లిపోయారు. సంగీతం రానివాళ్లు కూడా ఆ పుస్తకాన్ని విడవకుండా చదువుతారు.