గొయానియా వికిరణ ప్రమాదం

గొయానియా వికిరణ ప్రమాదం 1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశంలోని గోయాస్ రాష్ట్ర రాజధాని గొయానియాలో జరిగింది. ఖాళీ చేసిన వైద్యశాలలో వదిలివేసిన రేడియోథెరపీ యంత్రం నుండి ఇద్దరు తీసుకుపోయిన సీసియం-137 భాగం పాత ఇనుము వ్యాపారికి చేరింది. చీకటిలో నీలికాంతితో మెరిసిన పొడిని బంధుమిత్రులు పంచుకొనుటతో కాలుష్యం వ్యాపించింది. సెప్టెంబరు 29న గాని కారణం తెలియలేదు.

సామూహిక పరీక్షలు

ఒలింపిక్ స్టేడియంలో పరీక్షా కేంద్రం ఏర్పాటుచేశారు. నగరంలో సుమారు 1,12,000 మందిని పరీక్షించగా 249 మందిలో కాలుష్యం కనబడింది. కొందరికి అది దుస్తులకు, పాదరక్షలకు మాత్రమే పరిమితం. శరీరంలోనికి చేరినవారికి ప్రష్యన్ బ్లూ మందు ఇచ్చారు. నలుగురు మరణించారు.

ప్రణాళికకు పాఠాలు

వచ్చినవారిలో అత్యధికులకు కాలుష్యమే లేదు. అయినను ఇతర ప్రాంతాలలో గొయానియావాసులను వెలివేసినట్లు చూడడంతో ధ్రువపత్రాలు ఇవ్వవలసి వచ్చింది. కావున పరీక్షా కేంద్రాలను ఆసుపత్రులకు వెలుపల నెలకొల్పి, భయపడినవారికి సమాధానం చెప్పే ఏర్పాటు కూడా ముందుగానే చేసుకోవాలి.