క్లచ్ ప్లేటు: తోలు నుంచి రాతినార దాకా

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మీరు జీపు నడుపుతున్నారనుకోండి. పోర్ట్ బ్లెయిర్ (2024లో ఈ ఊరి పేరు శ్రీవిజయపురంగా మారింది) నుంచి ఉత్తరాన డిగ్లిపూర్ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే దారి అది. దట్టమైన అడవి, ఎత్తుపల్లాలు, మలుపులు. జారవాల రక్షిత ప్రాంతంలో బళ్లన్నీ ఒకదాని వెనుక ఒకటి బారుగా పోవాలి. ఒకచోట చడావు ఎక్కుతుంటే ఇంజను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ముందుకు సాగదు. కాసేపటికి మాడు వాసన వస్తుంది. డ్రైవర్ల మాటల్లో చెప్పాలంటే క్లచ్ ప్లేటు పోయింది!

ఒంగోలులోనో వరంగల్లులోనో అయితే పక్క వీధి కొట్లో మరో ప్లేటు దొరుకుతుంది. అండమాన్‌కు చెన్నై, విశాఖపట్నం సుమారు 1,200 కి.మీ. దూరం. స్థానికంగా దొరకని విడిభాగం ఓడలోనో విమానంలోనో రావలసిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 50 వేల మంది మాతృభాష తెలుగు. అలాంటి చోట బండి ఉన్నవారికి క్లచ్ సంగతి కొంతైనా తెలిసి ఉండాలి.

అసలు క్లచ్ ఎందుకు? ఆగి ఉన్న చక్రాలకు తిరుగుతున్న ఇంజనును ఒక్కసారిగా కలిపితే ఇంజను ఆగిపోతుంది. అందుకే మధ్యలో ఒక పలకను పెట్టారు. ఇంజనుకు బిగించిన ఫ్లైవీలుకూ, ప్రెషర్ ప్లేటుకూ నడుమ స్ప్రింగులు ఈ పలకను నొక్కి ఉంచుతాయి. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది. మెల్లగా వదిలితే పలక కొంచెం జారి, ఆపైన గట్టిగా పట్టుకుంటుంది. ఆ జారుడులోనే వేడి, అరుగుదల. నాగటి కర్రులాగే ఇది అరగడానికే పుట్టిన వస్తువు.

దీని పూర్వీకులు మిల్లుల్లో ఉన్నారు. అండమాన్‌లోని చాథమ్ దీవిలో రంపపు మిల్లు 1883లో వెలిసింది. ఆ కాలపు మిల్లుల్లో సాధారణంగా ఒకే ఇరుసు నుంచి బెల్టుల ద్వారా యంత్రాలన్నీ తిరిగేవి. ఏదైనా యంత్రాన్ని ఆపాలంటే దాని బెల్టును పక్కనున్న వదులు పుల్లీ మీదికి జరిపేవారు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల మోటారు బండిలోనూ ఇదే ఉపాయం వాడాడు. 1888లో ఆయన భార్య బెర్తా అదే రకం బండిలో సుమారు 100 కి.మీ. ప్రయాణించింది. దారిలో బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది.

తర్వాత వచ్చిన గరాటు ఆకారపు క్లచ్‌లకూ తోలే తొడుగు. తోలు ఎండి బిరుసైతే బండి ఎగిరిపడేది. అప్పుడు డ్రైవరు దానికి ఆముదం రాసి మెత్తబరిచేవాడు. మరీ జారుతుంటే మెత్తని మట్టిపొడి చల్లేవాడు. అంటే క్లచ్ మరమ్మతు మొదట్లో ఇంటి పనే!

అయితే తోలు వేడికి మాడిపోతుంది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకు తొడుగుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, తోలు స్థానంలోకి వచ్చింది. అది మండదు, చవక, పట్టు బాగుంటుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఈ ఖనిజం దొరుకుతుంది.

కాని దాని నూలుపోగుల కంటే ఎంతో సన్నని పోగులు ఊపిరితిత్తుల్లోకి చేరితే బయటికి రావు. బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్ మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో మరణించింది. ఆమె జబ్బును వైద్యులు దాని పేరుతోనే నమోదు చేశారు. 1931లో అక్కడి కార్ఖానాలకు నిబంధనలు వచ్చాయి. క్యాన్సర్‌కూ ఇది కారణమని తర్వాత తేలింది. జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే 1995లో మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. మరి ఇంటి షెడ్డులో క్లచ్ విప్పేవాడి రికార్డు ఎవరు రాస్తారు?

గేర్‌బాక్సు దింపగానే లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదడం, గాలి గొట్టంతో కొట్టడం చాలామందికి అలవాటు. పాత బండి అయితే ఆ పొడిలో రాతినార ఉండవచ్చు. చూసి పోల్చుకోలేం. కనుక ఊదకండి. నీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి. పిల్లలను దగ్గరికి రానీయకండి. కొత్త ప్లేటు కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనిదే అడిగి తీసుకోండి.

దీవుల్లో ఉన్నవారికి మరో మాట. ఇంజను వెనుక ఆయిల్ సీలు కారుతుంటే కొత్త ప్లేటు కూడా నూనె పట్టి జారుతుంది. విడుదల బేరింగు అరిగి ఉంటే గేర్‌బాక్సును మళ్లీ దింపాలి. కాబట్టి ప్లేటు కోసం కబురు పెట్టేటప్పుడే ప్రెషర్ ప్లేటు, బేరింగు, సీలు కూడా రాయండి. అన్నీ ఒకే ఓడలో వస్తాయి.