సున్నం నుండి సూదిమందు దాకా

కాల్షియమును మన శాస్త్రగ్రంథకర్తలు ‘ఖటికము’ అన్నారు. సంస్కృతంలో ఖటిక అంటే సుద్ద. లాటిన్ భాషలో ‘కాల్క్స్’ అంటే సున్నం. ఆ లోహాన్ని 1808లో వేరుచేసిన హంఫ్రీ డేవీ, ఆ మాటనుండే దానికి పేరు కుదిర్చాడు. జీవితమంతా సుద్దముక్క పట్టిన నావంటి పంతులుకు ఈ సామ్యం ముచ్చటగొలుపుతుంది.

లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్పగుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షించాడు. స్వేదనజలంతో చేసిన ద్రవంలో అది త్వరగా ఆగిపోయేది. కుళాయినీటితో చేసినదానిలో కొట్టుకుంటూనే ఉండేది. ఆ నీటిలోని సున్నమే అందుకు కారణమని 1883లో తేల్చాడు. అయితే గుండెను నడిపించే ఆ ద్రవ్యమే మోతాదు మించినా, వేగం మించినా గుండెను ఆపగలదు.

1971లో, విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన ఏడాది, మా అక్కయ్య పురిటి నీరసంతో ఉన్నది. ఊళ్లో 1923 నుండీ వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నా మావంటివారికి వీధి కాంపౌండరే ధన్వంతరి. ఆయన కాల్షియం సూదిని గబగబా ఎక్కించాడు. ఒళ్లంతా సెగ కమ్మిందని అక్కయ్య కేక వేసింది. “మందు పనిచేస్తోందమ్మా” అన్నాడాయన. మందు నరం దాటి కండలోకి పోయింది. చెయ్యి వాచి, నల్లబడి, పుండై నెలల తరబడి మానలేదు. ఆ సెగ బలానికి గుర్తు కాదనీ, వేగానికి హెచ్చరిక అనీ మాకు చెప్పినవారు లేరు.

ఇప్పుడు నియమాలు స్పష్టంగా ఉన్నాయి. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ.లో లవణం 1 గ్రాము, అందులో ఖటికం సుమారు 93 మి.గ్రా. అంతే పరిమాణపు క్లోరైడులో దాదాపు మూడురెట్లు. కనుక ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. గ్లూకోనేట్‌ను పెద్దలకు నిమిషానికి 200 మి.గ్రా. మించకుండా ఎక్కించాలి, అంటే గ్రాముకు కనీసం 5 నిమిషాలు. సూది నరంలోనే ఉన్నదని చూసుకోవాలి, గుండె లయను గమనించాలి. డిజాక్సిన్ వాడేవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని లోకానికిచ్చారు. ఎముకలో ఖటికానికి తోడైన ఆ భాస్వరమే సెలైన్ సీసాలో దానితో కలిసి గడ్డకట్టవచ్చు. అటువంటి మిశ్రమం వల్ల రెండు మరణాలు సంభవించాయని 1994లో అమెరికా ఔషధసంస్థ హెచ్చరించింది. నవజాత శిశువులకు సెఫ్‌ట్రియాక్సోన్, కాల్షియం రెండూ ఇవ్వవద్దన్న హెచ్చరిక 2007లో వచ్చింది.

అక్కయ్య చేతి మచ్చ నేటికీ సున్నపు పెళ్లలా తెల్లగా ఉంది. ఆమె దానిని చీర కొంగుతో కప్పుకుంటుంది. ఈ నాలుగు మాటలూ చదివినవారు, ఇంట్లో ఎవరికైనా ఈ సూది వేసేటప్పుడు పక్కన నిలబడి, “కాస్త నెమ్మదిగా వెయ్యండి” అని అడగగలిగితే నాకదే చాలు.