వేడి ఆవిర్లు: రెండు శతాబ్దాల వైద్యచరిత్ర

రుతుస్రావం శాశ్వతంగా ఆగిపోయే దశకు మెనోపాజ్ అన్న పేరు 1821 నాటిది. నెల, ఆగిపోవడం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి గార్డాన్ అనే ఫ్రెంచి వైద్యుడు దానిని రూపొందించాడు. పేరు కొత్తదే గాని అనుభవం అనాది. ఆ వయసులో ఛాతీ నుంచి మెడ మీదుగా ముఖంలోకి ఎగబాకి, చెమటలు పట్టించి, చివరకు చలి పుట్టించి పోయే ఉష్ణాన్ని మన స్త్రీలు 'ఆవిర్లు' అన్నారు. వైద్యులు ఈ ఆవిర్లకు మందులు చెప్పడం చాలా ముందే మొదలుపెట్టారు. అవి ఎందుకు వస్తాయని అడగడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. ఈ చరిత్రలోని చిక్కులు ఎక్కువగా అక్కడ పుట్టినవే.

లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ 1857లో ఈ దశ గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. వందలమంది స్త్రీల బాధలను పట్టికలుగా కూర్చిన ఓపిక ఆయనది. అంత ఓపికగా విన్నవాడు చేసిన చికిత్స ఏమిటంటే రక్తం తీయడం, విరేచనాలు చేయించడం, నల్లమందు కలిపిన మందులివ్వడం. నెలనెలా బయటికి పోయే రక్తం లోపల నిలిచి ఒత్తిడి తెస్తుందన్నది నాటి నమ్మకం. నమ్మకం తప్పయినప్పుడు ఎంత శ్రద్ధ చూపినా రోగికి ఒరిగేది తక్కువ.

1890లలో జర్మనీ, ఆస్ట్రియా వైద్యులు జంతువుల అండాశయాలను ఎండబెట్టి పొడిచేసి ఇచ్చి చూశారు. ఆలోచన సరైన దిక్కులోనే ఉంది. 1929లో అమెరికాలో డాయిజీ, జర్మనీలో బ్యూటెనాంట్ వేరువేరుగా గర్భిణుల మూత్రం నుంచి ఈస్ట్రోజెన్ హార్మోన్ రకాలలో ఒకదానిని స్ఫటికరూపంలో వేరుచేశారు. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ప్రెమారిన్ మాత్రకు 1942లో అమెరికాలో అనుమతి లభించింది. ఆవిర్లను నిజంగా తగ్గించే మందు చేతికి వచ్చింది.

మందు పనిచేయడమే తరువాతి అతికి దారితీసింది. న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ విల్సన్ 1966లో ప్రచురించిన గ్రంథంలో మెనోపాజ్‌ను మధుమేహం వంటి లోపవ్యాధిగా చిత్రించి, ఈస్ట్రోజెన్ వాడితే స్త్రీత్వం ఎన్నటికీ తరగదని ప్రకటించాడు. ఆయన నెలకొల్పిన సంస్థకు ఔషధ కంపెనీల నిధులు అందిన సంగతి పాఠకులకు తెలియదు. ఆవిర్ల ఉపశమనానికి పుట్టిన మాత్ర క్రమంగా యౌవనానికి, అందానికి మాత్ర అయింది. 1975లో వెలువడిన రెండు అధ్యయనాలు, ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పలురెట్లు పెరుగుతుందని చూపాయి. ఆ పొరకు రక్షణగా ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ జతచేశారు. వాడకం కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరిగింది.

2002 జూలైలో పెద్ద కుదుపు వచ్చింది. 16,608 మంది అమెరికన్ స్త్రీలతో సాగుతున్న ఒక పరీక్షను గడువుకు ముందే నిలిపివేశారు. రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని పత్రికలు రాశాయి. అబద్ధం కాదు. అదే లెక్కను మరోవిధంగా చెబితే, ఏడాదికి 10,000 మందిలో 30 మందికి రావలసిన జబ్బు 38 మందికి వచ్చింది. పక్షవాతం, గుండెజబ్బు, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు కూడా దాదాపు ఇదే మేరకు పెరిగాయి. తుంటి ఎముక విరగడం, పెద్దపేగు క్యాన్సర్ కొంత తగ్గాయి. ఇవి కొట్టిపారేయదగిన సంఖ్యలు కావు, వణికిపోదగినవీ కావు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ పరీక్షలో చేరినవారి సగటు వయసు 63. వయసు మళ్లాక హార్మోన్లు గుండెజబ్బు వంటివాటిని నివారిస్తాయా అన్నదే దాని ప్రశ్న. ఆవిర్లతో రాత్రిళ్లు నిద్రలేని 48 ఏళ్ల ఆమెను గురించి అది అడగలేదు. అయినా జవాబును మాత్రం ఆమెకే ఎక్కువగా అన్వయించారు. మందు హఠాత్తుగా మానేసినవారు ఎందరో. 'రెండేళ్లు ఓర్చుకోండి, అదే పోతుంది' అన్న సలహా వారికి మిగిలింది. ఆ రెండేళ్ల మాటకూ ఆధారం లేదు. తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలను ఏళ్ల తరబడి పరిశీలించిన మరొక అమెరికన్ అధ్యయనం, వారిలో సగం మందికి అవి 7.4 ఏళ్లకు మించి ఉంటాయని 2015లో తేల్చింది.

ఈ హడావుడికి దూరంగా కొందరు అసలు ప్రశ్నను పట్టుకున్నారు. మెదడులోని హైపోథాలమస్ మన శరీరోష్ణాన్ని ఒక పరిధిలో ఉంచుతుంది. పై అంచు దాటితే చెమట, కింది అంచు దాటితే వణుకు. డెట్రాయిట్‌లో రాబర్ట్ ఫ్రీడ్‌మన్ కొలిచి చూడగా, ఆవిర్లు రాని స్త్రీలలో ఈ రెండంచుల మధ్య దాదాపు 0.4 డిగ్రీల సెల్సియస్ ఎడం ఉంది. ఆవిర్లు వచ్చేవారిలో అది దాదాపు శూన్యం. ఇతరులు గమనించనైనా గమనించని చిన్న మార్పుకే వారి శరీరం మంటల్లో చిక్కుకున్నట్టు స్పందిస్తుంది. అరిజోనాలో నవోమి రాన్స్ 1990 నుంచి, మెనోపాజ్ దాటిన స్త్రీల హైపోథాలమస్‌లో కొన్ని నాడీకణాలు ఉబ్బి ఉండటాన్ని వివరించారు. ఈస్ట్రోజెన్ అదుపు తప్పిన ఆ కణాల సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మాత్రకు 2023లో అమెరికా అనుమతినిచ్చింది. అది హార్మోన్ కాదు. అయితే కాలేయ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి.

ఆ ఇరుకైన పరిధిని గుర్తుంచుకుంటే మామూలు జాగ్రత్తలకు అర్థం తెలుస్తుంది. పొగలు కక్కే కాఫీ, పొయ్యి సెగ, మందపాటి దుప్పటి ఆ చిన్న మార్పు చాలు ఆవిరి రేపడానికి. నూలు బట్టలు, పొరలుగా తీసివేయగల దుస్తులు, మంచం పక్కన చల్లని నీరు, వంటగదిలో ఒక ఫ్యాను, ఇవన్నీ పై అంచును తాకకుండా చూసే ఉపాయాలే. బాధ తీవ్రంగా ఉండి, వయసు 60 లోపు అయి, ముట్లు ఆగి పదేళ్లు దాటకుండా, రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం, రక్తపు గడ్డలు, కాలేయవ్యాధి వంటివి లేకుంటే హార్మోన్ చికిత్స గురించి వైద్యునితో నిర్భయంగా మాట్లాడవచ్చు.

మన రాష్ట్రాలకు సంబంధించి ఒక విషయం మిగిలింది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్లు ఆగుతాయి గాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. అండాశయాలు కూడా తీసివేస్తే ఈస్ట్రోజెన్ రోజుల వ్యవధిలో పడిపోతుంది; ఆవిర్లు సహజ మెనోపాజ్‌లో కన్నా ఉద్ధృతంగా వస్తాయి, ఎముకలూ త్వరగా బలహీనపడతాయి. ముప్ఫై అయిదేళ్లకే ఈ స్థితికి చేరిన ఆమెకు 63 ఏళ్లవారి లెక్కలు వర్తించవు. అభ్యంతరకరమైన జబ్బులేవీ లేకుంటే సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వడమే నేటి వైద్య మార్గదర్శకాల మాట. వృత్తిలో ఉన్న రోజుల్లో 'అండాశయాలు ఉంచారా, తీశారా?' అని అడిగితే తెలియదనేవారే నాకు ఎక్కువగా ఎదురయ్యారు. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలోనూ, తీసిన భాగాలను పరీక్షించిన బయాప్సీ నివేదికలోనూ ఆ వివరం ఉంటుంది.