పుచ్చుకు కారణం ఒక్క క్రిమేనా?

రాబర్ట్ కాక్ 1882లో క్షయకు కారణమైన క్రిమిని పట్టి చూపించాక, ప్రతి అంటువ్యాధి వెనకా ఒకే ఒక్క క్రిమి ఉంటుందన్న నమ్మకం వైద్యలోకంలో బలంగా నాటుకుంది. ఆ రోజుల్లో బెర్లిన్‌లో పనిచేస్తున్న అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ నోటిలోని క్రిములను పట్టుదలగా పరిశోధించాడు. పీకిన పళ్లను రొట్టె కలిపిన లాలాజలంలో ఒంటి వేడి దగ్గర నిలవ ఉంచితే అవి మెత్తబడ్డాయి. లాలాజలాన్ని ముందే మరిగిస్తే పళ్లకు ఏమీ కాలేదు. పిండిపదార్థాన్నీ చక్కెరనూ బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లమే పంటిని కరిగిస్తోందని 1890లో అచ్చయిన పుస్తకంలో తేల్చాడు. ఆ పని ఏ ఒక్క జాతిదో కాదని, నోట్లో ఆమ్లం పుట్టించే జాతులు చాలా ఉన్నాయని కూడా ఆయనే అన్నాడు. తర్వాతివారు మాత్రం ఆ ఒక్కదాని కోసం వెతుకుతూనే వచ్చారు. ఈ విషయంలో మిల్లరే సత్యానికి దగ్గరగా ఉన్నాడని నా అభిప్రాయం. పళ్లకూ చిగుళ్లకూ వచ్చే జబ్బు బయటి శత్రువు దాడి కాదు, నోట్లోనే కాపురమున్న సమూహం తీరు మారడం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియాను వేరుచేశాడు. దాదాపు నాలుగు దశాబ్దాలు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లో అమెరికాలో పాల్ కీస్, రాబర్ట్ ఫిట్జ్‌గెరాల్డ్ పళ్లు పుచ్చని హామ్‌స్టర్ల నోట్లో ఒక రకం స్ట్రెప్టోకాకస్ వేస్తే వాటికీ పుచ్చు వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలని అడగవచ్చు. అయితే ఆ హామ్‌స్టర్లకు పెట్టింది చక్కెర దండిగా ఉన్న మేత. అంతకుముందు 1954లో, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలకు చక్కెర మేత పెట్టినా పళ్లు పుచ్చలేదు. అంటే చక్కెర ఒక్కటే చాలదు, చక్కెర లేనిదే బ్యాక్టీరియా కూడా అంత నష్టం చేయలేదు. మ్యూటన్స్ చక్కెర నుంచి జిగురు పదార్థాన్ని తయారుచేసి పంటికి అతుక్కుంటుంది. పాచిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. మాటిమాటికీ తీపి తగిలే నోట్లో ఆమ్లానికి ఓర్చుకునే జాతులే మిగిలి పెరుగుతాయి, మిగతావి వెనకబడతాయి. పుచ్చు లేని చాలామంది నోళ్లలోనూ మ్యూటన్స్ ఉంటుంది, కొన్ని పుచ్చిన పళ్లలో అది దొరకదు కూడా. ఒకే దోషి అనుకుంటే ఈ రెండు సంగతులకూ జవాబు చెప్పడం కష్టం.

చిగుళ్ల విషయంలో సాక్ష్యం ఇంకా సూటిగా ఉంది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో బృందం 1965లో ప్రకటించిన ప్రయోగంలో, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో తగ్గిపోయాయి. ఎవరికీ బయటి నుంచి ఏ క్రిమీ ఎక్కించలేదు. పేరుకున్న పాచిలో మొదట గుండ్రటి బ్యాక్టీరియా, తర్వాత పోగుల్లాంటివి, చివరికి మెలికలు తిరిగినవి ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. ఒకటి ముందు చేరి చోటు సిద్ధం చేస్తేనే ఇంకొకటి నిలదొక్కుకుంటుందన్నది ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో దంతవైద్య చరిత్రలో ఇంత నిరాడంబరమైన, ఇంత విలువైన ప్రయోగం మరొకటి లేదు.

అలాగైతే జాతుల పేర్లు తెలుసుకోవడం వృథా శ్రమేనా? కాదు. 1998లో బోస్టన్‌లోని ఫోర్సైత్ సంస్థలో సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం 13,000కు పైగా పాచి నమూనాలను డీఎన్‌ఏతో పరీక్షించింది. చిగురు పంటిని విడిచి లోతైన సందులు పడిన చోట పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపొనీమా డెంటికోలా కలిసికట్టుగా కనిపించాయి. పేర్లు తెలిసి ఉండకపోతే ఈ పొత్తు బయటపడేదే కాదు. 2011లో జార్జ్ హాజిషెంగాలిస్ బృందం ఎలుకల్లో చేసిన పని దీన్ని మరో మెట్టు ఎక్కించింది. జింజివాలిస్ కొద్ది సంఖ్యలో చేరినా ఒంటి రక్షణ వ్యవస్థను తికమకపెట్టి, మిగతా బ్యాక్టీరియా తీరునే మార్చేసి, పంటి చుట్టూ ఉన్న ఎముకను కరిగించింది. వేరే సూక్ష్మజీవులేవీ లేని ఎలుక నోట్లో అదే బ్యాక్టీరియాను ఒంటరిగా వదిలితే ఎముక కరగలేదు. కాబట్టి పాచి పరీక్షలో జింజివాలిస్ దొరికినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చిగురు కింద సందు ఎంత లోతుందో, తాకితే రక్తం వస్తోందో లేదో, ఎక్స్‌రేలో ఎముక ఎంత తగ్గిందో చూశాకే దంతవైద్యులు జబ్బును నిర్ధారిస్తారు. చికిత్స కూడా ఒక జాతిని ఏరి చంపడంతో కాదు, గారనూ పాచినీ మొత్తంగా తీసెయ్యడంతోనే మొదలవుతుంది.